పద్దెనిమిది పౌండ్లు

ఫుజైరాల శుక్రవారం, విల్లుల దుకాణం.
సిమెంటు బస్తా ఒంటిచేత్తోని లేపేటోన్ని,
నా చేతుల పద్దెనిమిది పౌండ్లది పెట్టింది మారిసెల్.
"నలభైది తియ్యి" అన్న.
నవ్వి ఇచ్చింది.
గుంజిన. వచ్చింది.
"ఇగ ఆపు, పది లెక్కపెట్టేదాక."
నాలుగుకే మోచెయ్యి
క్రేను తాడు లెక్క వణికింది.

ఎత్తుడు వేరు. పట్టి నిలుపుడు వేరు.

రెండరచేతుల సందుల కెళ్ళి
గోడగడియారం చూపిచ్చింది,
ఒక్కో కన్ను మూయిచ్చింది.
ముప్పై ఆరేండ్లకు ఎరుకైంది
ఇన్నొద్దులు పెత్తనం ఎడమకంటిదేనని.
ఎడమవాటం పిడి కోసం మల్ల అరలన్నీ దేవులాడింది.

"పిడి మంచిది కొను.
బద్దలు మెత్తటివే చాలు,
బలమొచ్చినంక అవొక్కటే మార్చుకో."

రాత్రి క్యాంపుల లస్మన్న:
"విల్లు ఇరిచి ఏ సీతను దెస్తవ్‌రా?"
ఇరువక్కర్లేదన్నా, అన్న.
రెండు మరలు తిప్పిన.
మూడు ముక్కలై
బియ్యం సంచి ఎనక ఒదిగింది.

తెల్లారి కంపెనీ బస్సుల
తువ్వాల కొసలు రెండు పట్టి
దవడ దాక గుంజి ఆపిన.
అయిదు, ఆరు, ఏడు...
పక్క సీటాయన
కొంచెం జరిగి కూసున్నడు.