నీలం బకెట్టు

గుమెర్సిందో రాత్రుళ్లు కూర్చునే నిద్రపోతాడు.
వీపు వెనక రెండు దిండ్లు, ఒక బంగాళాదుంపల బస్తా.
పదిహేడేళ్లు ఒరూరో గనుల్లో తగరం తవ్వి
రొమ్ము నిండా రాతిపొడి తెచ్చుకున్నాడు.
పెన్షను కాగితం మీద డాక్టరు వేసిన అంకె
నాకు చదవడం రాదు.
గోడవతల నిలబడి వింటే చాలు,
చిల్లుపడ్డ కొలిమితిత్తి.

పక్కింటి యుస్తాకియా చెప్పింది:
సరస్సు కప్పని పట్టుకో, తోలు ఒలిచి పారెయ్,
మిగిలింది తేనె పోసి మిక్సీలో తిప్పి తాగించు,
ఎల్ ఆల్టో బజార్లో గ్లాసుల లెక్కన అమ్ముతున్నారు,
పోయిన దమ్ము తిరిగొస్తుంది.

తెల్లారకముందే పడవ తోసుకుపోయాను.
తితికాకా ఇంకా నల్లగానే ఉంది.
తోతోరా రెల్లు దాటాక వల లాగితే
చేపపిల్లల మధ్య ఒకే ఒక్కటి,
నా రెండు పిడికిళ్లంత.
అన్న చొక్కా తొడుక్కున్న తమ్ముడిలా
తొడల దగ్గరా మెడ దగ్గరా
తోలు మడతలు మడతలుగా వేలాడుతూ.

నీలం బకెట్టులో వేసి ఇంటికి తెచ్చాను.
కత్తి నూరుకుంటున్నాను.

"దమియానా, ఇలా రా."

మంచం దిగి వచ్చి, దుప్పటి కప్పుకుని
బకెట్టు పక్కన చతికిలబడ్డాడు.
అది నీళ్ల అడుగున నాలుగు కాళ్ల మీద నిలబడి
లేస్తోంది, దిగుతోంది,
బస్కీలు తీస్తున్న కొత్త సిపాయిలా.
ముక్కు పైకెత్తలేదు. నోరు తెరవలేదు.
లేచి దిగినప్పుడల్లా ఆ మడతలన్నీ
పండగనాడు గిర్రున తిరిగే నా ఐదు లంగాల అంచుల్లా ఊగి
వాడేసిన నీళ్లని అవతలికి నెట్టి
కొత్త నీళ్లని ఒంటికి రాసుకుంటున్నాయి.

"దీని తిత్తులు... చిక్కుడు గింజంత.
మా నాన్న చూపించాడు.
ఒళ్లంతా ముక్కే దీనికి.
తోలు ఒలిస్తే... ఊపిరి ఒలిచినట్టే కదే."

ఆ నాలుగు ముక్కలకి
పొయ్యి మీద నీళ్లు మరిగిపోయాయి.

పొద్దెక్కేకొద్దీ బకెట్టు ఇరుకైంది.
అది ఇంకా వేగంగా లేస్తోంది, దిగుతోంది.
అతని భుజాలు కూడా.
"నీళ్లు మార్చు" అన్నాడు.
మార్చాను. మళ్లీ మార్చాను.
ఒడ్డుకీ ఇంటికీ తిరిగి తిరిగి
చివరిసారి ఉత్త బకెట్టుతో వచ్చాను.

తాగాడా? అనడిగింది యుస్తాకియా.
తాగాడన్నాను.

రాత్రి అతని చొక్కా విప్పి
సరస్సు నీళ్లలో గుడ్డ ముంచి
వీపంతా తుడిచాను, పైకీ కిందికీ,
ఎముకల సందుల్లో, చంకల కింద, మెడ ముడతల్లో,
ఎక్కడో ఒకచోట
తలుపు ఉండకపోతుందా అని.