కిటికీ కాడ

రొయ్యల మేత మోసిన వ్యానులో
రెండు బల్లలు బిగించి, కిటికీ కోయించాం.
ఎంత కడిగినా ఆ వాసన వదల్లేదు.
"మనింటి వాసనేగా" అంది కెజియా.

మేత బిల్లు తిరగేసి దారి గీశాం:
రాజోలు, సఖినేటిపల్లి, పంటెక్కి నర్సాపురం,
పేరుపాలెం ఇసకలో మొదటి రాత్రి.
దోమతెర, గ్యాసు పొయ్యి, బెంజి దగ్గు మందు.
బల్లల బాకీ ఎక్కడా రాయలేదు నేను.

"పంటు మీద బండెవరు తోల్తారు?"
బెంజి అడిగాడు.
గోదారి, అన్నాను.
"మరి నాన్నో?"
"నాన్న కూడా మనలాగే వెనక్కొచ్చి కూచుంటాడు,
కిటికీ కాడ."

పద్దెనిమిదేళ్లుగా స్టీరింగు వెనకే ఉన్న మనిషి
ఏమీ అనలేదు.
నా చేతిలో పెన్ను లాక్కుని
ఆ కాస్త నీళ్ల చుట్టూ
సున్నా చుట్టాడు.
మళ్లీ, పెన్ను రాయట్లేదనుకున్నాడో ఏమో,
ఇంకోటి.