చల్లగుంటే భయం

సిరోంచ బస్టాండు ఎనక రేకుల డబ్బా, నా దుకాణం.
మే నెల. పగటీలి రెండు.
కడ్డీ వేడెక్కకముందే
బల్ల మీద టంకం మెత్తవడ్డట్టుంటది.

ఓదెలు ఆటో నెట్టుకొచ్చిండు.
కరెంటు ఆటో, కొని ఏడాది కాలే.
"గోదారి బ్రిడ్జి దాటి ఎత్తు ఎక్కుతాంటే
పదకొండు మిర్చి బస్తాలతోని ఆగింది అక్కా."
ఏది చెప్పినా గంతే, గొంతు లేవదు,
పక్కూరోని సంగతి చెప్పినట్టు.

సీటు లేపిన.
కంట్రోలర్‌కు గోనెపట్ట, దాని మీద పాలిథిన్ కవరు,
సుతిలితోని మూడు చుట్లు.
"ఎవలు కట్టిన్రు?"
"నేనే. వానకు తడుస్తదని."
వానవోయి ఎనిమిది నెలలాయె,
విప్పుడు మర్సిండు.

మూత తీస్తే
కాలిన వెంట్రుకల వాసన.
పన్నెండు మాస్‌ఫెట్లల్ల మూడు నల్లవడ్డయి,
ఒకదాని పొట్ట పగిలింది.
అడుగున పూసిన తెల్ల పేస్టు
ఎండిన సున్నమై పెచ్చులు లేస్తాంది.

చంద్రపూర్ ఐటీఐల మెశ్రాం సారు చెప్పేటోడు:
రెండు బిళ్ళలు అద్దం లెక్క నునుపున్నా
ఒకదాని మీద ఒకటి పెడితే
తాకేది ఏడనో నాలుగు చోట్లనే,
మిగిలిందంత గాలి.
గాలి వేడిని మోయదు, ఆపుతది.
పేస్టు చల్లవరిచే మందు గాదు,
గాలిని ఎల్లగొట్టనీకి పెట్టుకున్న కూలి.
ఎక్కువ పూస్తే అదే అడ్డం గోడ.
"బియ్యపు గింజంత. హళూ, హళూ."

గీకిన. తిన్నరు గుడ్డతోని తుడిచిన.
కొత్తయి మూడు ఏసి, గింజంత పెట్టి,
పాత రీచార్జి కార్డుతోని సాపు జేసిన.
స్క్రూలు ఒక్క పక్కనే బిగియ్యద్దు.
ఈ మూల కొంచెం, ఎదురు మూల కొంచెం,
మంచం నులక గుంజినట్టు.
గోనెపట్ట వాని చేతుల వెట్టిన:
"కింద ఏసుకొని కూసో."

పొద్దు వాలినంక
అవే బస్తాలు ఎక్కించి, నేనూ ఎక్కి
ఎత్తు మీదికి పోయినం, ఆగకుంట.
పైన బండి ఆపి ఓదెలు
అల్యూమినియం రెక్కల మీద చెయ్యి వెట్టి
చటుక్కున గుంజుకున్నడు.
"అక్కా, మళ్ళ కాలుతాంది!"

"కాలాలె.
రెక్కలు కాలుతున్నయంటే లోపటి మంట బయటికొస్తాంది.
ఇంత బరువు గుంజి కూడ అవి చల్లగున్ననాడు
భయపడు."

సేపటిదాక మాటలేదు.
ప్రాణహిత దిక్కు నుంచి గాలి,
అదీ వేడిదే.
ఉన్నట్టుండి ఓదెలు బస్తాను కాలుతోని తన్నిండు.
మిర్చి సేటు ఆరు వారాల కిరాయి ఇయ్యలేదట.
అడిగితే రేపు, మాపు.
తెలుగుల తిట్టిండు, సాలక మరాఠీల,
ఆఖర్కి వాళ్ళమ్మ నేర్పిన గోండిల.
ఘాటుకు తుమ్ములు వస్తాంటే
తుమ్ముకుంట తుమ్ముకుంట తిట్టిండు.

నా మూడు వందల సంగతి నేనెత్తలే.
రెక్కల మీద రెండు వేళ్ళు పెట్టి చూసిన.
కొద్దిగ దిగింది.