పన్నెండు మీద ఏడు

రాత్రి తొమ్మిదిన్నరకి నా ఉద్యోగం మొదలు.
పగలంతా వాళ్ళు లెక్కల మాస్టార్ల పిల్లలు,
దీపాలు ఆర్పాక నా పిల్లలు.
గుణుపురం, వేసవి గణిత శిబిరం,
ఆడపిల్లల మేడ, రెండో అంతస్తు.
నెలకి ఆరువేలు, ఒక టార్చి, ఒక ఈల,
ఎర్ర అట్ట రిజిస్టరు.

ఫోన్లన్నీ నా మంచం కింద ట్రంకుపెట్టెలో.
పడుకుంటే నా వెన్ను కింద
ఇళ్ళు మూలుగుతుంటాయి.
రిజిస్టరులో పంతొమ్మిది, పెట్టెలో పద్దెనిమిది.
ఆ తేడా మొదటి రాత్రే చూశాను,
అడగలేదు.

నాకు సూత్రాలు రావు.
ఇంటర్లో లెక్కలు రెండుసార్లు పోయాయి,
ఆ సంగతి ఇక్కడ ఎవరికీ తెలీదు.
నాకు తెలిసేవి వేరే.
ఎవరికి కడుపునొప్పి రోజులో దుప్పటి మడతని బట్టి,
ఎవరు ఏడ్చారో కుళాయి తిప్పిన తీరుని బట్టి,
ఎవరు అన్నం పారేశారో
మెస్సు వెనక కుక్క తోకని బట్టి.

గుడ్ల దేవిక మూడు రోజులు అలిగింది.
"ఇక్కడందరికీ అన్నీ వచ్చీసినట్టున్నాయక్కా,
మా ఊర్లో నానొక్కద్దాన్నే ఫస్టు."
దానికి జవాబు నా దగ్గర లేదు.
కూచోబెట్టి పేలు చూశాను.
రెండు దొరికాయి. మూడోది దొరికేసరికి
ముక్కు ఎగబీల్చి, "మొత్తం ఎన్నక్కా?" అంది.

లిప్సారాణి నిద్రలో ఒడియాలో గుణిస్తుంది,
తప్పు పోదు.
పుట్టసింగి కొండ మీంచి వచ్చిన జసింతా రైతా
వారం దాకా నోరు విప్పలేదు.
బోర్డు మీద మాత్రం
అందరికంటే పొట్టి దారిలో జవాబుకి చేరేది.

వైశాఖం గాలివాన ఆ రోజు సాయంత్రమే పట్టుకుంది.
పనసకాయ ఒకటి రేకుల షెడ్డు మీద పడింది,
కరెంటు పోయింది.
గుమ్మంలో నిలబడి లెక్కపెట్టాను.
పద్దెనిమిది.
వెనకనుంచి లెక్కపెట్టాను. పద్దెనిమిది.
స్నానాల గదులు, మెట్ల కింద, మేడ మీద ట్యాంకు వెనక,
ఈల ఊదితే గాలి దాన్ని మింగేసింది.
వంశధార వైపు కిటికీ తీసి కూడా చూశాను,
ఎందుకు చూశానో రిజిస్టరులో రాయలేదు.

చివరికి నా గదిలోనే ఉంది.
కిటికీలోంచి జల్లు కొట్టి గచ్చంతా నీళ్ళు.
ట్రంకుపెట్టెని మంచం మీదకి ఎక్కించి
దాని మీద దుప్పటి కప్పి
దుప్పటి మీద తను కూచుంది.
"తడిసిపోతాయని" అంది.
ఆ పద్దెనిమిదిలో తనది లేదు.

చెయ్యెత్తి ఆగిపోయాను అని రాద్దామనుకున్నాను.
ఆగలేదు. భుజం మీద ఒకటి పడింది, గట్టిదే.
తరవాత ఇద్దరం ఆ నీళ్ళలో నిలబడ్డాం
ఏం చెయ్యాలో తెలీక.

మిగతావాళ్ళు ఒక్కొక్కళ్ళూ దిళ్ళు తెచ్చుకుని
నా గదిలోకే వచ్చేశారు.
టార్చి పైకప్పుకి పెట్టి మళ్ళీ లెక్క మొదలెడితే
జసింతా ఆపింది.
"మీరు పది దగ్గర మలుపు తిరుగుతారు.
మా మాటలో పన్నెండు దాకా నడుస్తాం.
మేమంతా పన్నెండు మీద ఏడు."
వేలు నా వైపు తిప్పింది.
"నువ్వు కలిస్తే ఒక కోడి."

"కోడేటే!" దేవిక పకపకా నవ్వింది.
"కోడి అంటే ఇరవై, మా ఒడియాలోనూ అంతే"
లిప్సా విడమరిచి చెప్పేలోపు
గదంతా కొక్కొక్కో.
మర్నాడు మాస్టార్ల ముందు కూడా
నా వెనక అదే కూత.
ఈలతో బెదిరించాను, పనిచెయ్యలేదు.

నెలాఖరున ఆటోలు, జీపులు, ఒక పాలవ్యాను.
సంతకం పెట్టించుకుని ఫోన్లు ఇచ్చేశాను.
పద్దెనిమిది సంతకాలు.
జసింతా వరసలో నిలబడలేదు,
గోడవారగా సంచీ పట్టుకుని
కొండ బస్సు కోసం చూస్తోంది.
పెట్టెలో తన కోసం ఏమీ లేదు మరి.
మెళ్ళోంచి తాడుతో సహా ఈల తీసి ఇచ్చాను.
ఊదలేదు. జేబులో వేసుకుంది.

రిజిస్టరు చివరి పేజీలో
ఈల పోయింది అని రాశాను.
జీతంలో నలభై కోశారు.