రెండో డిస్కు ఒక్కటే

తెలావిలో ద్రాక్షకోత ఆరో రోజు.
రాత్రి పదీ నలభైకి తూకం గదిలో తెర నల్లబడింది.
కాటా మీద లారీ ఉంది, లారీ నిండా సాపెరావి ఉంది,
ఎంతుందో చెప్పే నోరే లేదు.

ఎలిస్బర్ నా కుర్చీ వెనకే నిలబడ్డాడు,
మెడ మీద వెల్లుల్లి వాసన.
"మొత్తం మెషీన్ని సాయంత్రానికి తీసుకుపో నూక్రీ,
ఆరింటి బ్యాకప్ ఉందిగా."
ఎలుక దూరిందని ఇల్లు తగలబెట్టుకుంటామా, అన్నాను.

నిజానికది ఇల్లు కూడా కాదు.
నేలలో వైన్ జాడీలు పాతిన గదికి పక్కగదిలో
ఒక అసలైన ఇనప్పెట్టె లోపల
తనను తాను యంత్రమనుకుంటున్న ఊహ.
ఆ ఊహకు మూడు డిస్కులు.
నిద్రలేచి తన పేరు తాను చెప్పుకునేది ఒకటి,
తూకాల చిట్టా ఒకటి,
కాటా నెత్తిన కెమెరా తీసే బొమ్మలకు మరొకటి.
పోయింది నడిమిది.
మిగతా రెండూ ఇంకా ఊపిరి పీలుస్తున్నాయి,
తోబుట్టువు సంగతి తెలియకుండా.

యంత్రం సున్నా నుంచి లెక్కపెడుతుంది.
మనకు రెండోది దానికి ఒకటోది.
నాలుగేళ్ల కిందట ఈ ఒక్క అంకె తేడాతో
ఒక నోటరీ గారి వారం రోజుల పని తుడిచేశాను.
ఆయన ఇప్పటికీ బజార్లో నాకు నమస్కారం పెడతాడు,
అదే నాకు శిక్ష.
అందుకే అరచేతిలో బాల్‌పెన్నుతో
1 అని రాసుకున్నాను.

చచ్చిన డిస్కును చెరపలేదు, ఊడదీసి పక్కన పెట్టాను.
బ్యాకప్‌లోంచి ఆ ఒక్కదాన్నే
కొత్త పేరుతో, ఖాళీ చోటికి, మెల్లగా.
నాలుగు శాతం. పదకొండు.
అరవై ఒకటి దగ్గర ఎంతసేపు ఆగిందంటే
ఎలిస్బర్ శిలువ గుర్తు వేసుకున్నాడు.

బయట ఇంజన్లు ఆపేశారు.
లారీల కింద రసం బొట్లు బొట్లుగా తారు మీద పడుతోంది.
ఎవరో కిటికీలోంచి రొట్టే జున్నూ అందించారు.
ఇంకా ఎంతసేపని ఎవరూ అడగలేదు,
అడిగినా బాగుండేది.

పదకొండూ ముప్పైకి వచ్చింది.
ముందు వేరే ఖాళీ మెషీన్‌కి తగిలించి తెరిచి చూశాను,
కొత్త బాకీదారుడి ముఖం చూసినట్టు.
చివరి వరుస: సాయంత్రం ఐదూ యాభై ఎనిమిది,
గుర్జానీ బండి, రెండువేల నూట నలభై కిలోలు.
ఆ తర్వాత తెలుపు.
నాలుగు గంటల నలభై నిమిషాల తెలుపు,
ముప్ఫై ఒక్క బండ్లు.

చీటీలు డబ్బిచ్చేటప్పుడే అచ్చవుతాయి. డబ్బింకా ఇవ్వలేదు.
సరే, నోటితో చెప్పండి, అన్నాడు ఎలిస్బర్.
చెప్పారు.
నోటి తూకంలో ద్రాక్ష ఇంకో కాపు కాసింది.
అన్నీ గుండ్రటి అంకెలే,
ఒక్కటీ తగ్గేది కాదు.

అప్పుడు మూడో డిస్కు తెరిచాను.
ఎవరూ ముట్టుకోలేదు దాన్ని,
పదీ నలభై దాకా ప్రతి బండి బొమ్మా ఉంది,
మూలన ఎర్రంకెల్లో కాటా చెప్పిన నిజమూ ఉంది.
మొత్తం వెనక్కి తిప్పి ఉంటే
ఇదీ ఆరింటికే కళ్లు మూసుకునేది.
ఎలిస్బర్ దగ్గాడు.
గుండ్రటి అంకెలు ఒక్కొక్కటే నేల చూపులు చూశాయి.

ఝుఝునా వంతు వచ్చింది.
చిన్న బండి, ముందరి దీపం ఒకటే వెలుగుతుంది.
నాలుగువందల పన్నెండు, అంది.
బొమ్మలో ఖాళీ బండి పోను నాలుగువందల ముప్ఫై.
"అమ్మా, నీకే నష్టం, పద్దెనిమిది తక్కువ చెప్పావు."
ఆమె కళ్లద్దాలు లేకుండానే తెర మీదికి వంగింది.
బండి వెనక చక్రం పక్కన, కాటా అంచు మీద,
నోట్లో వేలేసుకున్న కుర్రాడు.

"ఆ పద్దెనిమిదీ నా మనవడు.
వాణ్ణి మీకు అమ్మలేదు."

చిట్టాలో నాలుగువందల పన్నెండని కొట్టాను.
కొత్త డిస్కు మీద మొదటి వరుస అదే.
చచ్చినదాన్ని చెరపమంటాడు ఎలిస్బర్, చోటు దండగట.
వారం ఉంచుతాను.
ఎందుకంటే ఏం చెప్పను?
అరచేతిలో 1 ఇంకా పోలేదు,
రెండుసార్లు సబ్బుతో కడిగాను.