యజమాని: ఖాళీ

కాస్ట్రోలో మబ్బుకు బిల్లు రాదు.
ఏడాదిలో సగం రోజులు ఊరికే కురిసి
కొయ్యకాళ్ళ మీద నిలబడ్డ ఇళ్ళ కిందుగా
పాటుతో పాటే సముద్రంలోకి వెళ్ళిపోతుంది.
ఈ రెండో మబ్బుకు మాత్రం
ఆల్చిప్పలు పెసోల్లో అమ్మి
డాలర్లలో అద్దె కట్టాలి.

జులైలో అద్దె మూడింతలైంది.
సంఘం కోశాధికారి ఎదువినా మన్సియ్యా
కాగితం నా బల్ల మీద పెట్టి, కళ్ళద్దాలు తీసి
"ఇదేం తింటోందే?" అంది,
పాలివ్వని ఆవు గురించి అడిగినట్టు.

నేను పద్దులు రాసేదాన్ని. అయినా లోపలికి వెళ్ళాను.
చూద్దును కదా,
తాళంచెవి ఒక్కటే, జేబులు పదకొండు.
పాస్‌వర్డ్ కాఫీ మెషీన్ మీద అంటించి ఉంది.
మానేసి వెళ్ళిన ముగ్గురు ఇంకా లోపలే ఉన్నారు.
వాళ్ళలో ఒకడు పుంతా అరేనాస్‌లో టాక్సీ నడుపుతున్నాడు,
తలుచుకుంటే ఈ రాత్రే
ఎర్రలైటు దగ్గర ఆగినంతసేపట్లో
మా పన్నెండేళ్ళ సముద్రాన్ని
బొటనవేలితో తుడిచేయగలడు.

పెద్ద తాళంచెవి ఇనప్పెట్టెలోకి పోయింది.
మనిషికో పేరు, పేరుకో గది.
తూకం వేసేవాడికి తూకం.
లెక్క చూసేవాళ్ళకు చూపు చాలు, చెయ్యి అక్కర్లేదు.
రాసి ఇవ్వనిదేదైనా లేనట్టే లెక్క.
"నా మీద నమ్మకం లేదా?" అన్నాడు రోలాందో,
పాతికేళ్ళుగా మా తెప్పల తాళ్ళు ముడివేస్తున్నవాడు.
ఉంది కాబట్టే, అన్నాను.
రేపేదైనా పోతే నీ పేరు రాకూడదని.
మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

తర్వాత మెషీన్లకు చీటీలు కట్టాను:
ఎవరిది, దేనికి, ఏ పద్దు.
డబ్బు తిన్నది దొరికింది.
ఫొటోల్లో ఆల్చిప్పలు లెక్కపెట్టడానికి
ఎవరో ఒక పూటకు తెచ్చిన పెద్ద మెషీన్.
లెక్క ఆ మధ్యాహ్నమే తేలిపోయింది.
అది మాత్రం నలభై రోజులుగా
దీపాలన్నీ వేసుకుని, ఎవరూ రాని గదిలో కూర్చుంది.
ఆపాను. ఎదువినా నిట్టూర్చింది.

చివరికి ఒకటి మిగిలింది.
పేరు టెస్ట్-2. నెలకు పదకొండు డాలర్లు.
యజమాని: ఖాళీ.
అందర్నీ అడిగాను. నాది కాదంటే నాది కాదన్నారు.
ఇలాంటప్పుడు ఈ పనిలో ఒక మోటు పద్ధతి ఉంది:
ఆపి చూడు. ఎవరు అరిస్తే వాళ్ళది.
మంగళవారం రాత్రి ఆపాను.

బుధవారం ఎవరూ అరవలేదు.
గురువారం వాన.
శుక్రవారం మధ్యాహ్నం కెహుయి దీవి పడవ దిగి
ఒక ముసలామె తలుపు తోసుకుని వచ్చింది.
ఉన్ని టోపీ కారుతోంది.
రొట్టెల సంచిలో చుట్టిన ఫోను బయటికి తీసి
"తెల్లారి నాలుగింటికి నీళ్ళ సంగతి చెప్పేవాడమ్మా.
మూడు రోజులుగా పలకడం లేదు.
జబ్బు చేసిందా?" అంది.

ఫోను నిండా ఒకే వాక్యం, వందల ఉదయాలు.
నీటి వేడి ఇంత. ఉప్పు ఇంత.
ఎర్రనీరు లేదు, ఏరుకోవచ్చు.
ఎవరు రాసి పెట్టారో, ఎప్పుడు వెళ్ళిపోయారో
నా ఏ పుస్తకంలోనూ లేదు.

నా గొంతు తడారిపోయింది.
ఈ మూడు రోజులూ ఏం చేశావు?

"ఏరలేదు" అంది.
"వాడు పలకనప్పుడు ఏరకూడదు కదా.
బంగాళాదుంపలున్నాయిలే."

రాసి ఇవ్వనిదేదైనా లేనట్టే.
నేను నాలుగు వారాలు పోట్లాడి నిలబెట్టిన నియమం
ఆమె చీకట్లో, మోకాలిలోతు నీళ్ళ అంచున
ఎవరూ చెప్పకుండానే పాటిస్తోంది.

టెస్ట్-2 మళ్ళీ లేచింది.
"పదకొండు డాలర్లు ఎవరి పద్దులో?" అంది ఎదువినా
తల ఎత్తకుండా. తర్వాత తనే
తాళ్ళు, మేకులు అని ఉన్న గడిలో రాసేసుకుంది.

నేను ఖాళీ దగ్గర వేలు పెట్టుకుని కూర్చున్నాను.
నీ పేరేంటమ్మా?
"ఓర్ఫెలీనా వెంచూర్."
వ తోనేనా మొదలు?
ఆమె నా భుజం మీదుగా వంగి
తెర మీద తడి వేలు ఆనించింది.
"ముందు ఒక హెచ్ వెయ్యి.
పలకదు గాని, ఉంటుంది."