బ్యాటరీ ఎంతసేపు ఆగుతుంది

శనివారం పొద్దున తొమ్మిదింటికి
మార్వెల్ ట్రెవారో మైకు ముందు కూచుంటుంది.
గోళ్ళ సందుల్లో గ్రీజు అలాగే ఉందని
ఆవిడే చెబుతుంది, రేడియోలో మనకేం కనబడుతుంది.
ఊళ్ళోవాళ్ళు ఫోన్లు చేసి
తమ బండ్ల గొంతులు అనుకరిస్తారు.
"గుర్ర్ర్... టక్... గుర్ర్ర్... టక్" అంటాడు పాస్టరు గారు.
"ఎడమకి తిప్పినప్పుడా, కుడికా?"
"మా అత్తగారు ఎక్కినప్పుడు."

నేను మంచు తోసే బండి నడుపుతాను.
ఈ సరస్సు ఒడ్డున నవంబరులో దిగిన తెలుపు
ఏప్రిల్ దాకా కదలదు, మొండి బాకీలా.
రాత్రి పదికి ఎక్కితే తెల్లారి ఆరుకి దిగడం.
నలభై మైళ్ళు పోవడం, నలభై రావడం,
నేను తోసిందంతా నా వెనకే మళ్ళీ కురుస్తుంది.
తోడుకి ఒక్కటే స్టేషను.
మిగతావన్నీ ఏ దూరపు నగరంలోనో
మనిషి లేని గదిలో యంత్రం వేసే పాటలు,
రాత్రంతా ఒకే పరుపు అమ్మకం.

మా స్టేషను మూతబడ్డ రొట్టెల దుకాణం మీది గది.
స్తంభం మీద మంచు గడ్డకడితే
ఉలుకూ పలుకూ ఉండదు,
ఎవరో ఒకరు ఎక్కి సుత్తితో కొట్టి వస్తారు.
ఏడాదికి రెండుసార్లు జోలె పడతారు,
సిగ్గుపడుతూ, మధ్యమధ్య వాతావరణం చెబుతూ.

కిందటి శనివారం ఒక ముసలాయన.
ఐనో హెయిక్కినెన్, పాత గని రోడ్డు, ఆఖరి ఇల్లు.
ఆయన బండి ఏ చప్పుడూ చెయ్యడం లేదు.
"ఇంజను వెయ్యకుండా
కారులో కూచుని రేడియో వింటే
బ్యాటరీ ఎంతసేపు ఆగుతుందమ్మా?"

ఆవిడ ఒక్క క్షణం ఊరుకుంది.
రేడియోలో ఒక్క క్షణమంటే చాలా పొడుగు.
ఇంట్లో రేడియో లేదా, అనలేదు.
ఎందుకు, అనలేదు.
"ఎన్నేళ్ళ బ్యాటరీ?" అంది.
"ఏడు."
"అయితే గంటన్నర. చలి ముదిరితే గంటే.
తలుపు తీస్తే లోపల వెలిగే బల్బు పీకెయ్.
గరాజులో ఇంజను మాత్రం వెయ్యకు, నా మీద ఒట్టు.
దుప్పటి కప్పుకో. ఇంతకీ ఏది వింటావు?"
"పదకొండింటిది. ఆ పిల్ల వేసేవి."

ఆ పిల్ల కోలెట్ బుషే.
పగలు కాగితం మిల్లులో రీళ్ళు చుడుతుంది,
రాత్రి ఎవరూ కొనని రికార్డులు తిప్పుతుంది.
ఒకదాంట్లో రంపాన్ని కమానుతో వాయిస్తారు.
ఒకదాంట్లో ఎవరో పదకొండు నిమిషాలు
ఒక్క మాటే పాడతారు, అదీ ఏ భాషో.
వీటికి చెవి కోసుకునేవాళ్ళు
జిల్లా మొత్తంలో ఆరుగురుంటారనుకున్నాను,
నన్ను కలుపుకుని, నేనైనా గతిలేక.

"నీకవి అర్థమవుతాయా ఐనో?"
"లేదు. అర్థమయ్యేవన్నీ ఇంతకుముందే వినేశాను."

మధ్యాహ్నానికి ముగ్గురు ఛార్జర్లు పట్టుకెళ్ళారట.
రెండు వెనక్కి పంపేశాడట.

నిన్న రాత్రి పాత గని రోడ్డెక్కాను.
గరాజు తలుపు సగం ఎత్తి ఉంది,
లోపల అగ్గిపెట్టెంత ఆకుపచ్చ వెలుగు.
ఆయన వాకిలి ముందు పలక కాస్త ఎత్తి
గట్టు పడకుండా దాటాను,
మా నిబంధనల్లో అలా లేదు.
సరిగ్గా అప్పుడే నా ఇంజనులోంచి
బెల్టు తెగబోతున్నట్టు కీచుమని ఒక మోత.
గుండె జారింది. బండి ఆపాను.
రేడియో తగ్గించాను.
మోతా తగ్గింది.

మళ్ళీ పెంచాను.